ఉతకనివ్వని పైజామా

జైలు నుంచి వచ్చిన రోజున మా చిన్న మామయ్య తన బట్టలన్నీ అమ్మమ్మ ముందు కుప్ప పోశాడు, ఒక్క తెల్ల పైజామా తప్ప. గుర్తుంది కదా. అమ్మమ్మది లాండ్రీ దుకాణం. మా వీధి మురికంతా ఆవిడ చేతుల మీదుగానే వదలాలి. అలాంటి మనిషి సొంత ఇంట్లో ఒక మాసిన పైజామా దర్జాగా తిరుగుతుంటే ఆవిడకు కంటి మీద కునుకు పడలేదు. ఇమ్మంటే మామయ్య ఇవ్వడు. పడుకునేటప్పుడు తలగడ కింద దాచుకుంటాడు. తలగడ గలీబు ఉతకాలని ఆవిడ వంక పెడితే, తలగడ ఇచ్చేసి పైజామా తొడుక్కుని పడుకుంటాడు. చివరికి ఒక ఉదయం ఆయన స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకోగానే ఆవిడ చిలక్కొయ్య మీది పైజామాను లాగి, సలసల మరుగుతున్న గంగాళంలో వేసి, కర్రతో అడుగుకంటా పొడిచింది. ఎలా పసిగట్టాడో మరి, తల మీద సబ్బు నురగతో, నడుముకు తువ్వాలుతో మామయ్య పరిగెత్తుకొచ్చాడు. గంగాళంలోకి చూసి నేల మీద చతికిలబడ్డాడు. కిందటి వారం మనం ఆయన్ని అక్కడే, ఆ నురగతోనే వదిలేసి వచ్చాం.

అమ్మమ్మ నవ్వింది. పందెం గెలిచిన నవ్వు అది. పైజామాను కర్రతో పైకెత్తి, నీళ్ళు ఓడుతుండగా మామయ్య ముఖం ముందు ఆడించింది. అప్పుడు కనిపించింది మాకు. నడుము దగ్గర నాడా దూర్చే మడత పొడవునా గులాబీ రంగు మరక పట్టీలా దిగి ఉంది. మడత చివరి నుంచి తడిసిన సుద్దలాంటి ముద్ద జారి ఆవిడ పాదం పక్కన పడింది.

మా దుకాణంలో జేబులు వెతక్కుండా ఏ బట్టా నీళ్ళలో పడదు. తాళాలు, బస్సు టికెట్లు, ఒకసారి ఒక పెద్దాయన కట్టుడుపళ్ళు, అన్నీ అమ్మమ్మ వేళ్ళకే దొరికాయి. కానీ పైజామాకు జేబు లేదు. నాడా మడతలో ఎవరైనా ఏమైనా దాస్తారని ఇన్నేళ్ళలో ఆవిడకు తట్టనే లేదు.

ఆవిడ ఆ ముద్దను వేలితో నలిపి చూసింది. ముఖంలోని నవ్వు, నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోయింది.

మామయ్య జైలుకు వెళ్ళింది మత్తు సూదుల వల్ల. వెళ్ళే ముందు, ఆ మత్తు కోసమే, దుకాణంలో ఇస్త్రీ చేసి ఉంచిన ఒక కస్టమర్ కోటును కూడా మాయం చేశాడు. ఆ కోటు మాట ఎత్తితే అమ్మమ్మ ఇప్పటికీ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోతుంది. ఇప్పుడు ఆవిడ తలలో ఏం తిరుగుతోందో నాకు అర్థమైంది.

"మళ్ళీ మొదలెట్టావట్రా?"

మామయ్య ఆ ముద్ద వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. "ఊఁ" అన్నాడు.

అమ్మమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మేకుకు ఉన్న ఆయన చొక్కాలు, తాడు మీది ప్యాంట్లు, ఆఖరికి చెప్పుల్లో కుక్కిన సాక్సులు కూడా తెచ్చి గంగాళంలో పడేసింది. ఇక ఆయనకు లోకంలో మిగిలింది ఆ తువ్వాలొక్కటే.

"ఈ పూట ఆ మత్తుగాళ్ళ దగ్గరికి ఎలా పోతావో నేనూ చూస్తా. తువ్వాలుతో పోతానంటే పో," అంది. "సాయంత్రానికి ఇవి ఆరతాయి. ఆ లోపల నిజం చెప్పావా, మడతపెట్టి అరలో పెడతా. చెప్పలేదా, మడతపెట్టి చేతిలో పెడతా."

అంతే. ఇస్త్రీ బట్టల బండి తోసుకుంటూ ఇళ్ళకు అందించడానికి వెళ్ళిపోయింది. ఆ బండికి ఒక చక్రం కీచుమంటుంది. వీధి మలుపు తిరిగేదాకా ఆ కీచు వినపడుతూనే ఉంది.

నా సంగతి తెలిసినవాళ్ళకు నేను మళ్ళీ చెప్పక్కర్లేదు. మా పల్లెటూరి బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికినా మాస్టారికి వినపడక గైర్హాజరు పడేది. పై చదువుకని అమ్మ నన్ను ఇక్కడికి పంపాక మామయ్య నాకు 'గుసగుస' అని పేరు పెట్టాడు. తక్కువ మాట్లాడేవాళ్ళకు చూడడానికి తీరిక ఎక్కువ. నేను చూసింది ఏమిటంటే, రోజూ భోజనాలయ్యాక, రేడియోలో వార్తలు మొదలవగానే మామయ్య గోడ వైపు తిరిగి పిన్నీసుతో ఏదో తవ్వేవాడు. తర్వాత గ్లాసుడు నీళ్ళు తాగి, పళ్ళాలు కడిగే వంతు నాదైనా తనే కడిగేవాడు. మత్తు కావాల్సిన మనిషి వార్తల వేళ చూసి వేసుకోడు. వేసుకున్నాక పళ్ళాలు కడగడు.

అందుకే డాబా మీదికి వెళ్ళాను. పొద్దున్నే ఆరేసిన తెల్ల దుప్పట్ల మధ్య మామయ్య దాక్కుని కూర్చున్నాడు. తల మీది నురగ ఎండి పెళుసుకట్టింది.

"అది మత్తు కాదు కదా మామయ్యా."

"మీ అమ్మమ్మకి అదనిపించింది. అనుకోనీ."

"మరేంటది?"

ఆయన పక్కనున్న దుప్పటి అంచు పట్టుకుని నాకు చూపించాడు. మా దుకాణంలో పేర్లు రాయం. ఒక్కో కస్టమర్‌కు ఒక్కో గుర్తు, ఉతికినా పోని నల్ల సిరాతో. దుప్పటి మూలన నిచ్చెన గుర్తు ఉంది. ఆసుపత్రి గుర్తు అది. మందులూ ఆసుపత్రివే, కానీ జైలు ఆసుపత్రివి అన్నాడు. హెచ్‌ఐవీ మందులు.

అది చెప్పడానికి ఆయన పడ్డ అవస్థ నేను రాయలేను. చెప్పాక మాత్రం వరసగా చెప్పేశాడు. ఒకరి సూది ఒకరు పొడుచుకున్న రోజుల్లో అది వచ్చింది. జైల్లో రక్తం పరీక్ష చేస్తే బయటపడింది. అక్కడి డాక్టరు రోజుకొక బిళ్ళ మొదలుపెట్టాడు. ఒళ్ళు చేసింది, దగ్గు పోయింది, పోను పోను వైరస్ ఎంత తగ్గిందంటే పరీక్షకు కూడా దొరకనంత తగ్గింది. "అది నిద్రపోతోందనుకో. రోజూ బిళ్ళ పడితే పడుకునే ఉంటుంది. మానేశానా, లేస్తుంది. లేచాక అదే బిళ్ళకి మళ్ళీ పడుకుంటుందో లేదో."

విడుదల చేసేటప్పుడు కొన్ని బిళ్ళలు డబ్బాలో ఇచ్చారట, బయట క్లినిక్‌లో చేరేదాకా సరిపెట్టుకోమని. కానీ గేటు దగ్గర కాపలావాడు ఒక్కో వస్తువూ పైకెత్తి ఇదేంటి, అదేంటి అని అందరి ముందూ అడుగుతున్నాడు. డబ్బా కనిపిస్తే చాలు, అందరికీ తెలిసిపోతుంది. అందుకని బిళ్ళలు నాడా మడతలోకి దూర్చి, డబ్బా చెత్తబుట్టలో పడేసి వచ్చాడు.

మరి ఇన్నాళ్ళూ క్లినిక్‌కి ఎందుకు వెళ్ళలేదని అడిగాను. రోజూ పొద్దున్నే పనికోసం వెతుకుతున్నానని చెప్పి ఆయన వెళ్తున్నది ఊరి ఆ చివరకు. మత్తు మీదికి మనసు పోకుండా అక్కడ నాలుక కింద ఒక బిళ్ళ పెడతారు. అది కరిగేదాకా కూర్చోబెడతారు. అక్కడి నుంచి వచ్చేసరికి ఇక్కడ క్లినిక్ కిటికీ మూసేస్తారు. ఇక్కడికి ముందు వస్తే అక్కడ మూసేస్తారు. అది మానేద్దామంటే ఒళ్ళంతా పీకుతుంది. పాత స్నేహితులు కూర్చునే సందు దారిలోనే ఉంది. ఈ రోజు ఎలాగో అక్కడ అందరికన్నా ముందు నిలబడి, ఆ బిళ్ళ వేయించుకుని తొందరగా వచ్చి, క్లినిక్‌కి వెళ్దామనే స్నానానికి దిగాడు. ఇంతలో అమ్మమ్మ గెలిచింది.

"అమ్మమ్మకి చెప్పేయొచ్చుగా."

"మత్తంటే తిడుతుంది. తిట్టి, తిండి పెడుతుంది. ఇది చెప్తే నా కంచం విడిగా పెడుతుందేమో," అన్నాడు. "తిట్లు పడతానే గుసగుసా. అది పడలేను."

రాత్రికి బిళ్ళ లేదు అన్న ఒక్క మాటే నా బుర్రలో తిరిగింది. క్లినిక్ మూసేలోపు వెళ్ళాలి. వెళ్ళడానికి మామయ్యకు బట్టలు లేవు. మా చుట్టూ, కింద దుకాణంలో, అరల నిండా బట్టలు.

కస్టమర్ బట్ట మన ఒంటికి తగలకూడదు అన్నది అమ్మమ్మ మొదటి నియమం. కోటు పోయాక అది నియమం కూడా కాదు, ఒట్టు. కిందికి దిగి అరల ముందు నిలబడ్డాను. ఒక్కో మూట మీదా గుర్తు: నిచ్చెన, గొడుగు, మూడు గీతలు. అన్నిటికన్నా పైన నీలం గుడ్డలో చుట్టిన మూట ఒకటి ఉంది. దానికొక్కదానికే గుర్తు లేదు. దాన్ని దుమ్ము దులపడానికి కూడా అమ్మమ్మ మమ్మల్ని ముట్టుకోనివ్వదు. దాని జోలికి పోకుండా, రేపు అందించాల్సిన వాటిలో మామయ్య కొలతకు దగ్గరగా ఉన్న జత తీశాను. నీలి గళ్ళ చొక్కా, బూడిద రంగు ప్యాంటు. కాలర్ లోపల రెండు చుక్కల మధ్య చేప. ఆ చేప ఎవరో గుర్తులన్నీ కంఠతా వచ్చిన అమ్మమ్మకు తెలుసు గానీ నాకు తెలియదు.

మామయ్య అది చూసి వెనక్కి జరిగాడు. "చంపేస్తుందే."

"ముడత పడకుండా తిరిగి తెచ్చేద్దాం," అన్నాను.

ప్యాంటు చీలమండల పైకి ఉంది. చొక్కా సరిపోయింది. చల్లారుతున్న గంగాళంలోంచి బట్టలు తీసి ఆరేసి, పైజామా మాత్రం పిండి కవర్లో వేసుకున్నాను. అదెందుకో అప్పుడు నాకూ తెలియదు. బయల్దేరాం. చంకల్లో చెమట పట్టకుండా మామయ్య రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టి, ఎగరబోయే కొంగలా నడిచాడు. మోకాళ్ళ దగ్గర ముడత పడుతుందని కాళ్ళు వంచలేదు. ఎదురొచ్చిన కూరగాయలమ్మి నడుం పట్టిందా అని జాలిగా అడిగింది. అవునన్నాడు.

క్లినిక్ ఆసుపత్రి వెనక వసారాలో ఉంది. గోడ వారగా పొడుగాటి బల్ల. బల్ల మీద కూర్చున్నవాళ్ళందరూ ఒకరినొకరు చూసుకోకుండా పైన తిరిగే ఫ్యానునే చూస్తున్నారు. చివర ఒక కిటికీ, దానికి అద్దం, అద్దానికి అడుగున అరచేయి పట్టేంత కన్నం. మాట లోపలికి వెళ్ళాలంటే వంగి గట్టిగా అరవాలి. కన్నం చిన్నది, చెప్పాల్సిన సంగతి పెద్దది. లోపల కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, మూసే వేళకు వచ్చారని కాబోలు, నిట్టూర్చింది.

కొత్తవాళ్ళా పాతవాళ్ళా అని అడిగింది. పాతేనని మామయ్య అన్నాడు, వేరే చోట తీసుకునేవాణ్ణని. ఎక్కడ అంది. మామయ్య కన్నం దగ్గర నోరు పెట్టి ఏదో అన్నాడు. వినపడలేదంది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ వినపడలేదంది. మూడోసారి 'జైల్లో' అన్న మాట వసారా అంతా మోగింది. ఫ్యాను చూస్తున్న వాళ్ళందరూ మమ్మల్ని చూసి, తిరిగి ఫ్యానునే చూశారు.

అక్కడి నుంచి బదిలీ కాగితం తెచ్చారా అని అడిగింది కళ్ళజోడు ఆవిడ. అదీ ఒక కథే. కోర్టు ఉత్తర్వు సాయంత్రం వచ్చింది. అప్పటికి జైలు డాక్టరు ఇంటికెళ్ళిపోయాడు. మరో రోజు వచ్చి తీసుకోమన్నారు. మామయ్య వెళ్తే, లోపలికి రావాలంటే ఎవరినైనా చూడ్డానికి రావాలి, నువ్వెవరిని చూస్తావని గేటు దగ్గర అడిగారు. బయటికి రావడానికి పడ్డ కష్టం కన్నా లోపలికి పోవడానికి ఎక్కువ కష్టపడ్డానని మామయ్య చెబితే ఆవిడ నవ్వలేదు. కాగితం లేకపోతే కొత్తవాళ్ళ కిందే లెక్క, పరీక్షలన్నీ మొదటి నుంచి చేయాలి, ఫలితాలు వచ్చాకే మందులు అంది. అందులో కోపం లేదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టు చెప్పింది.

"మరి జైల్లో ఇచ్చిన మందులేమయ్యాయి? ఇన్ని రోజులకని ఇస్తారుగా."

మామయ్య నా చేతిలోని కవరు వంక చూశాడు.

"అమ్ముకున్నావా?"

మామయ్య చేతులు అప్పటిదాకా కొంగ రెక్కల్లా ఉన్నాయి. ఆ మాటతో కిందికి వాలిపోయాయి. చొక్కా ముడత పడుతుందని కూడా చూసుకోలేదు. "పద గుసగుసా," అని వెనక్కి తిరిగాడు. ఆయన వెళ్ళిపోతే ఇక రాడని నాకు తెలుసు. వసారా మెట్లు దిగితే ఎడమ చేతి వైపు మా ఇల్లు, కుడి చేతి వైపు ఆ సందు.

"అవి ఉడికిపోయాయండీ," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. నేను కన్నం దగ్గరికి వెళ్ళాను. బడిలో ఇన్నేళ్ళు దాచుకున్న గొంతంతా ఒకేసారి బయటికి తీశాను.

"మా అమ్మమ్మ వాటిని పైజామాతో సహా ఉడకబెట్టేసిందండీ."

బల్ల మీద ఒక ముసలాయనకు నవ్వు ఆగలేదు. ఆయన్ని చూసి పక్కనున్న లారీ డ్రైవరుకు, ఆయన్ని చూసి చివర ముసుగు కప్పుకున్న ఆవిడకు. ఫ్యాను సంగతి అందరూ మర్చిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని మరీ నవ్వారు. నేను కవర్లోంచి తడి పైజామా తీసి కిటికీ ముందు పరిచాను. కళ్ళజోడు ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. నడుము మడతను వేళ్ళతో తడిమింది. ఒక మూల పూర్తిగా కరగని బిళ్ళ ముక్క దొరికింది. దాని మీద అచ్చు వేసిన అంకె సగం ఇంకా ఉంది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వితే చెమ్మగిల్లిందనుకుంటాను.

"కూర్చో బాబూ," అంది మామయ్యతో. "తప్పుగా అన్నాను. ఏమనుకోకు."

కూర్చోనన్నాడు మామయ్య. నిలబడే బాగుందన్నాడు.

లోపల డాక్టరమ్మ పైజామాను అటూ ఇటూ తిప్పి చూసి, తన దగ్గరికి మందుల డబ్బా తెచ్చినవాళ్ళున్నారు, చీటీ తెచ్చినవాళ్ళున్నారు, పైజామా తెచ్చింది మీరే అంది. జైలు ఆసుపత్రికి ఫోను చేసింది. అది మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మామయ్య పేరుతో పని లేకుండా ఆయన ఖైదీ నంబరు చెప్పగానే అవతలివాళ్ళు ఏ మందో, ఎప్పటి నుంచో చదివి వినిపించారు. "మన దుకాణంలాగే," అని మామయ్య నా చెవిలో అన్నాడు, "ఇక్కడా గుర్తే." కాగితం వెనక రావచ్చు గానీ మందు ఆగకూడదు, పరీక్షలు అయ్యేదాకా సరిపడా ఇస్తానని డాక్టరమ్మ రాసిచ్చింది. ఇక మీదట ఆ నాలుక కింది బిళ్ళ అయ్యాకే రావచ్చు, కిటికీ మూసినా తలుపు కొట్టమంది.

ఇంత సులువా అని నాకు అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, అందులో సులువేం లేదు. ఆ ఫోను ఇంతకు ముందే ఎవరైనా చేసి ఉంటే మా పైజామా గౌరవంగా మొదటి రోజే గంగాళంలో పడి ఉండేది.

బల్ల మీది ముసలాయన మాకిద్దరికీ టీ తెప్పించాడు, అంత నవ్వించినందుకు. మామయ్య ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, ఇంకో చేయి కిటికీ కన్నంలోకి చాచాడు. కళ్ళజోడు ఆవిడ మందుల డబ్బా అందించబోయి ఆగింది. ఆయన మణికట్టు దగ్గరికి వంగింది.

"ఈ గుండీ నేనే కుట్టాను," అంది. "తెల్ల దారం అయిపోయి ఆకుపచ్చది వేశాను. ఇది మా ఆయన చొక్కా."

చేప ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

మామయ్య గట్టుకొచ్చి మునిగినవాడిలా నన్ను చూశాడు. "ఇస్త్రీ చెడలేదండీ," అని మెల్లగా ఒక చుట్టు తిరిగి చూపించాడు. "ఇందుకే కూర్చోలేదు."

"ప్యాంటు కూడానా?"

"ఊఁ."

ఆవిడ పెదాలు బిగించుకుంది. కోపమో నవ్వో తేలలేదు. తన మొగుడి ఒంటి మీద ఆ చొక్కా ఎన్నడూ ఇంత నీటుగా లేదని మాత్రం అంది. డబ్బా చేతిలో పెట్టింది. ఇంకొక్క సంగతి మిగిలిందంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఒకరు తోడుగా రావాలి, బిళ్ళ మానకుండా చూస్తామని ఒప్పుకోవాలి. అమ్మాయి చిన్నది, చెల్లదు. ఇంట్లో ఎవరున్నారు?

మామయ్య డబ్బా వంక చూస్తూ అన్నాడు. "ఎవరూ లేరండీ."

"ఎవరూ లేరా?"

ఆ గొంతు కిటికీ లోపలిది కాదు. నేను వెనక్కి తిరిగేలోపే నాకు కీచుమనే చక్రం గుర్తొచ్చింది. నవ్వుల్లో పడి దాన్ని వినలేదు. వసారా మొదట్లో అమ్మమ్మ నిలబడి ఉంది, బండి మీద నిచ్చెన గుర్తు దుప్పట్ల దొంతర. ఆసుపత్రికి ఇవాళే ఇవ్వాలని, దుప్పట్ల గది ఈ వసారాలోనే ఉందని, మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు లేదు.

ఆవిడ ముందు చూసింది చొక్కానే. "రెండు చుక్కల చేప," అంది. "అది రేపివ్వాల్సింది." తర్వాత గోడ మీద రాసిన క్లినిక్ పేరు చదువుకుంది, కూడబలుక్కుంటూ, చివరిదాకా. మామయ్య చేతిలోని డబ్బా తీసుకుని, మూత తిప్పి, ఒక బిళ్ళ అరచేతిలో వేసుకుంది. గులాబీ రంగు. నా చేతిలోని తడి పైజామా నడుము చూసింది. అదే గులాబీ రంగు.

ఆవిడ బిళ్ళను జాగ్రత్తగా డబ్బాలో వేసి మూత పెట్టింది. బండి తోసుకొచ్చిన ఆయాసంతో అమ్మమ్మ బల్ల మీద కూలబడింది. కొంగుతో మెడ తుడుచుకుంది. మామయ్య చేతిలో సగం తాగిన టీ గ్లాసు ఉంటే, అది లాక్కుని గటగటా తాగేసింది.

"చల్లారిపోయింది," అంది విసుగ్గా.

మామయ్య ఆ ఖాళీ గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయాడు. "అమ్మా, నీకు చెబుదామనే..."

"ఇక్కడ కస్టమర్లున్నారు. తిట్టాల్సింది ఇంటికెళ్ళి తిడతా," అంది అమ్మమ్మ. కిటికీ వైపు తిరిగింది. "రాసుకో అమ్మాయ్. వీడికి అమ్మని. బిళ్ళ మింగాడో లేదో నోరు తెరిపించి చూసే పూచీ నాది. మీ ఆయన చొక్కా మళ్ళీ ఉతికి రేపు నేనే తెచ్చిస్తా."

కళ్ళజోడు ఆవిడ రాసుకుంది. ఆవిడ భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

మేం దుప్పట్లు దింపి, ఖాళీ బండి తోసుకుంటూ బయటికొచ్చాం. మెట్ల దగ్గర మామయ్య ఎడమ చేతి వైపే తిరిగాడు. ఇప్పుడు చేతులు మామూలుగా ఊపుతూ, మోకాళ్ళు వంచి నడుస్తున్నాడు. చొక్కాకు ముడతలు పడుతున్నా అమ్మమ్మ ఏమీ అనలేదు. కొంతదూరం పోయాక తనలో తాను అనుకున్నట్టు అంది.

"నీ బట్టలు సాయంత్రానికి ఆరతాయి. మడతపెట్టి అరలో పెడతా."

మామయ్య నవ్వాడు. జైలు నుంచి వచ్చాక ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆ నవ్వు మా వీధి మలుపు దాకా ఉంది.

మలుపులో అమ్మమ్మ బండి ఆపింది. కీచు ఆగిపోయింది.

"నువ్వొకటి ఉతకనివ్వకుండా దాచావు. నేనూ ఒకటి దాచానురా," అంది. "పై అరలో నీలం మూట. గుర్తు లేనిది. నువ్వు లోపలున్నన్నాళ్ళూ నేను దాన్ని నీళ్ళలో పెట్టలేదు. ఎవరిదో నీకు తెలుసు. నువ్వు పెళ్ళాడతానన్న పిల్లది."

మామయ్య బండి అంచు పట్టుకున్నాడు.

"పొద్దున నేను బండి తీసేముందు కబురొచ్చింది. సాయంత్రం దాన్ని తీసుకోవడానికి తనే వస్తోందట."

నాకు గుసగుస అని పేరు పెట్టింది మామయ్యే. కానీ ఆ మాట మాత్రం ఆయన నా కన్నా చిన్నగా అన్నాడు.

"తను ఊళ్ళోనే ఉందా?"